మూడు రోజుల యాత్ర, ఒక బొంత

మాకు పది నిమిషాలు ఇచ్చినారు. స్త్రీనిధి గురించీ, అప్పుల వసూళ్ళ గురించీ ముందు మాట్లాడినోళ్ళు అంతా చెప్పేసినారు. మేము మా యాత్ర గురించి చెప్తాం.

సంక్రాంతి పోయినాక, కంది కోతలు అయిపోయినాక, మా గ్రామ సంఘం నుంచి 24 మందిమి మూడు రోజులు బస్సు మాట్లాడుకుని పోయినాం. మాధవరం, శ్రీకాళహస్తి, వెంకటగిరి చూసి వచ్చినాం. పొదుపు డబ్బు పైసా ముట్టలేదు. 40 వారాలు, వారానికి 50 రూపాయలు, విడిగా ఒక డబ్బాలో వేసుకున్నాం. తలా రెండు వేలు అయింది. ఖర్చు పోగా మిగిలిన 3,120 రూపాయలు తలా 130 తిరిగి ఇచ్చేసినాం. లెక్క పుస్తకం ఇక్కడే ఉంది, కావాల్సినోళ్ళు చూడొచ్చు. ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నామంటే, యాత్ర అనంగానే ఊర్లో ముందు అడిగింది అదే.

డబ్బు దగ్గర తకరారు రాలేదు గానీ తీర్మానం దగ్గర వచ్చింది. మినిట్స్ పుస్తకంలో ఏమని రాయాల? కొందరు శిక్షణ పర్యటన అని రాద్దామన్నారు. ఆడోళ్ళు ఊరికే తిరిగేదానికి పోతున్నారంటే ఇండ్లల్లో ఒప్పుకోరు, ఏదో నేర్చుకునేదానికి పోతున్నామంటే మారు మాట్లాడరు అని వాళ్ళ లెక్క. రెండు మీటింగులు ఇదే గొడవ. చివరికి మాలో అందరికన్నా పెద్దామె, అరవై దాటిన జేజి, లేచి ఒక మాట అనింది. "నేను తిరపతికి పోయినా, మొక్కు ఉండి. కర్నూలుకు పోయినా, పెద్దాసుపత్రికి. కూతురి కాన్పుకు పోయినా, చావులకు పోయినా. చూసేదానికని మాత్రం నా జన్మలో యాడికీ పోలేదు. చూసేదానికే పోతాండామని రాయండి." ఇంగ ఎవరూ మాట్లాడలేదు. "రంగులు, చేతిపనులు చూసి సంతోషపడటానికి" అని రాసినాం. మా బుక్‌కీపర్ పిల్ల ఇట్లాంటి తీర్మానం ఎప్పుడూ రాయలేదని నవ్వింది.

డబ్బు కట్టినోళ్ళు 25 మంది. బస్సెక్కింది 24 మంది. ఆ ఒక్క చెల్లెలి పేరు చెప్పం. ఆమె 40 వారాలూ కట్టింది. బయలుదేరే ముందురోజు రాత్రి ఇంటాయన వద్దన్నాడు. మేము ముగ్గురం పోయి అడిగినాం. మర్యాదగానే కూర్చోబెట్టినాడు, మర్యాదగానే వద్దన్నాడు. ఆమె ఏడవలేదు, వాదించలేదు. పొద్దున బస్సు కాడికి వచ్చి మా చేతిలో ఒక మూట పెట్టింది. అది ఆమె కుడుతున్న బొంత పైపొర. పాత చీరల ముక్కలు అతికి సగం చేసింది, సగం బోసిగా ఉంది. "ఇది పోయొస్తుంది. చూసిన ఊరికొక గుడ్డముక్క తెచ్చి ఏసి కుట్టండి" అనింది. ఆమె కట్టిన రెండు వేలు ఆమెకే ఇచ్చేసినాం.

బొంత అంటే మన సీమ ఆడోళ్ళకు చెప్పాల్సిన పని లేదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, సన్న కుట్టు వరసలుగా వేసుకుంటా పోతాం. పిల్ల పుడితే బొంత, మంచానికి బొంత, కళ్ళానికి బొంత. దాన్ని మనం ఎప్పుడైనా చేతిపని అనుకున్నామా? లేదు. తీరిక ఉంటే కుట్టేది, అంతే.

బస్సులో ఎవరి చేతులూ ఖాళీగా లేవు. ఐదుగురు వైరు బుట్టలు అల్లుతున్నారు. మా తాండా అక్క, సుగాలి ఆమె, అద్దాల కుట్టు తెచ్చుకుంది. ఇద్దరు ఊలు తెచ్చుకున్నారు. ఒక చెల్లెలు బడిలో నేర్చుకున్న క్రోషియా లేసు. కుదుపుల్లో సూదిపని చేయాలంటే మాత్రం కష్టం, తాండా అక్క వేలు రెండుసార్లు పొడుచుకుంది. క్రోషియాకు కొక్కెం మొండిగా ఉంటుంది కాబట్టి బస్సులో అదే మేలు. ఊలు ఉండ సీట్ల కింద దొర్లి డ్రైవరు కాళ్ళ దాకా పోయింది. ఆ తర్వాత దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, మూత సందులోంచి దారం తీసుకున్నాం. పోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వైరు బుట్టకైతే రంగులు ముందే లెక్కపెట్టి కట్టలు కట్టుకోవాల, బస్సులో వెదుక్కోలేం. చెనిక్కాయల పొట్టు మాత్రం అన్నిట్లోకీ పోతుంది, దానికి మందు లేదు.

మాధవరం ఒంటిమిట్ట దగ్గరే. మనకు ఇంత దగ్గర, అయినా మాలో 20 మంది మగ్గం దగ్గరగా చూడలేదు. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుతా, చేత్తో నాడె కొడతా ఉంటే, కాటన్ చీర వేలెడు వేలెడు పెరుగుతా ఉంది. ఆవకాయ ఎరుపు, చిలక పచ్చ, వంకాయ రంగు. నూలు చిలపలు దండెం మీద ఆరేసి ఉంటే మా జేజి వాటి కిందనే కూర్చుండిపోయింది, లెమ్మన్నా లేవలేదు.

ఆ ఇంట్లో ఒక ఆమె పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. పొద్దుననుంచి చుడుతున్నానని చెప్పింది. ఒక చీరకు ఎన్ని కండెలు, ఎన్ని గంటలు, కూలి ఎంత అని మా అలవాటు ప్రకారం అడిగినాం. ఆమె నవ్వి, "నేను పనేమి చేస్తాండా, ఊరికే ఇంట్లో కూర్చుని చుడతా ఉంటా. నేసేది ఆయన" అనింది. కండె లేకపోతే నాడె లేదు, నాడె లేకపోతే నేత లేదు. మేము ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నాం, ఎందుకంటే బొంత గురించి మేమనే మాటా అదే.

బస్సెక్కినాక క్రోషియా చెల్లెలు ఒక సంగతి చెప్పింది. జిల్లాలో జరిగిన ఒక శిక్షణలో మేడం చెప్పిందంట. పశ్చిమ గోదావరిలో నరసాపురం చుట్టుపక్కల ఊర్లల్లో ఆడోళ్ళు ఇదే క్రోషియా లేసు అల్లుతారు, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. అది విదేశాలకు పోతుంది. మరియా మీస్ అని జర్మనీ ఆమె అక్కడికొచ్చి చూసి 1982లో పుస్తకం వేసింది. ఇంటి పని అంతా చేసుకుని, దాని మీద రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడోళ్ళను, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులు అని లెక్క రాసినారంట. వ్యాపారం చేసినోళ్ళు మేడలు కట్టినారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది, మంచిదే. అల్లే చేతికి ఎంత వచ్చిందో ఒకసారి అక్కడికే పోయి అడగాలని మాకుంది.

శ్రీకాళహస్తిలో రాత్రి సత్రంలో ఉన్నాం. దర్శనం చేసుకున్నాం, అది లేకుండా ఇంటికి రాలేం కదా. మా అసలు పని కలంకారీ. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, కాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. కలం అంటే వెదురు పుల్ల, దానికి గుడ్డ చుట్టి దారం కడతారు, గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే కారుతుంది. అంతే సాధనం.

మాకు పని చూపించిన ఆమె కూడా మా వయసే. బట్టను ముందు కరక్కాయ, బర్రెపాలు కలిపి నానబెడతారు. పాలు లేకపోతే సిరా గుడ్డ మీద పాకిపోతుంది. నలుపు ఎట్ల వస్తుందనుకుంటున్నారు? తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. అది కుండలో ఉన్నప్పుడు నల్లగా ఉండదు, కరక్కాయ బట్ట మీద పడినాకనే నల్లగా మారుతుంది. గీత గీస్తా ఉంటే మా కళ్ళ ముందరే నలుపు పుట్టింది. మా జేజి "మా తల్లే" అనింది. ఎరుపుకు పటిక నీళ్ళతో గీసి, ఆ తర్వాత చెక్కా వేర్లూ వేసి ఉడకబెడతారు, పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుపచ్చకు కరక పువ్వు. మధ్య మధ్యలో పారే నీళ్ళలో ఉతకాల.

నీలం దగ్గర మాకు ఒక సంగతి తెలిసింది. నీలానికి నీలిమందు. ఆ నీలిమందు ఒకప్పుడు మన కడప జిల్లా మెట్టల్లో పండింది, మద్రాసు మీద ఓడలెక్కి దేశాలు పోయింది. 1897లో జర్మనీ కంపెనీ ఫ్యాక్టరీ నీలం బజారుకు తెచ్చినాక మన నీలిసాగు పడిపోయింది. మనది బండల సీమ, ఎండల సీమ అని చెప్పుకోవడం మనకు అలవాటు. మన మన్ను దేశానికి నీలం ఇచ్చిందని మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాల. ఒక చున్నీ ధర 1,800 అనింది ఆమె. మాలో ఒక అక్క అలవాటుగా 600కు ఇస్తావా అనింది. సంతలో వంకాయలు అడిగినట్టే అడిగింది. ఆమె కోపపడలేదు. చున్నీ మడిచి పక్కన పెట్టి, "మీరు సంఘం ఆడోళ్ళని చెప్పినారు కదక్కా. మీ ఊర్లో ఆడకూలి రోజుకెంత?" అని అడిగింది. చెప్పినాం. "ఇది నానబెట్టడం, గీయడం, ఉడకడం, ఉతకడం కలిపి ఎన్ని రోజులు పట్టిందో ఇంతసేపు చూపించినా కదా, మీరే లెక్కేసి ఇవ్వండి" అనింది. మా లెక్కల పిల్ల వేళ్ళ మీద లెక్కేసింది. 1,800 ఎక్కువ కాదు, తక్కువ. ఆ అక్క మారు మాట్లాడకుండా మొత్తం ఇచ్చి కొనుక్కుంది. అందరూ కొనలేదు, కొనే స్తోమత అందరికీ లేదు. కొనలేకపోవడం తప్పు కాదు. ధర తగ్గించి మాట్లాడినందుకే సిగ్గుపడినాం.

బజారులో కలంకారీ అని 300కు కూడా అమ్ముతారు. అది మిషను ప్రింటు. మా కంటికి తెలిసిన గుర్తు చెప్తాం. చేత్తో గీసిన దాంట్లో ఒకే బొమ్మ రెండుసార్లు ఉంటే రెండూ రవంత తేడాగా ఉంటాయి, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ప్రింటులో అచ్చు గుద్దినట్టు ఒకటే. ఈ పని 1950ల నాటికి కాళహస్తిలో దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి చటోపాధ్యాయ్ చొరవతో శిక్షణ కేంద్రం వచ్చి మళ్ళీ నిలబడింది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు కలం పట్టుకున్నోళ్ళలో ఆడోళ్ళు శానామంది.

వెంకటగిరిలో ఎక్కువసేపు లేము, మూడోరోజు మధ్యాన్నానికే తిరిగి బయలుదేరాల. జామ్దానీ బుటా చూసినాం. నేస్తున్నప్పుడే ఒక్కొక్క పువ్వుకు విడిగా దారం తిప్పుతారు. చీర తిరగేస్తే వెనకా ముందూ ఒకే మాదిరి, వేలాడే పోగు లేదు. కుట్టుపని చేసేవాళ్ళం కాబట్టి వెనకవైపు చూడటం మాకు అలవాటు.

బొంత సంగతి. మాధవరంలో కండెల ఆమె చీర కొసన మిగిలిన ముక్క ఇచ్చింది, ఎరుపు. కాళహస్తిలో కలం పదును చూసుకునే గుడ్డ ఉంటుంది, అడ్డదిడ్డంగా గీతలు, సగం నెమలి. అడిగితే నవ్వి ఇచ్చింది. వెంకటగిరిలో జేబుగుడ్డంత ముక్క కొన్నాం. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు పైపొరను నాలుగు సీట్ల మీద పరిచి, చేతి నుంచి చేతికి మార్చుకుంటా కుట్టినాం. తాండా అక్క మూలకొక అద్దం పెట్టింది. క్రోషియా చెల్లెలు తను అల్లిన లేసు అంచుకు వేసింది. రాజంపేట దాటినాక చీకటి పడింది, ఫోను లైట్లు పట్టుకుని కుట్టినాం. ఆ చివరి వరసలు వంకరగా ఉన్నాయి, విప్పలేదు.

ఊరు చేరేసరికి రాత్రి పది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. లైటు కింద పరిచి చూపించినాం. ఒక్కొక్క ముక్క మీద చెయ్యి పెట్టి "ఇది యాడిది, ఇది యాడిది" అని అడిగింది. ఎవరు ఇచ్చినారు, ఏమన్నారు, అన్నీ చెప్పినాం. నెమలి దగ్గర శానాసేపు చెయ్యి తీయలేదు. ఇంటాయన తలుపు కాడ నిలబడి అంతా విన్నాడు, ఏమీ అనలేదు. ఆ బొంత ఇప్పుడు పూర్తయింది. దాని మీద పండుకునేది ఆయనే అని ఆమె చెప్తే మేమంతా నవ్వినాం, ఆమె కూడా నవ్వింది.

వచ్చే ఏడు కర్నూలు వైపు పోవాలని తీర్మానం రాసినాం. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సొసైటీ ఉంది, కోడుమూరులో గద్వాల రకం చీరలు నేస్తారు. కర్నూలు అక్కలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాం, మాకు ఒక పూట భోజనం, రాత్రికి పండుకునే చోటు చూపించండి. రొట్టెలు, చెనిగింజల పొడి మేమే తెచ్చుకుంటాం. డబ్బా మళ్ళీ పెట్టినాం, వారానికి 50. మొదటి వారం మొదటి 50 వేసింది ఆ చెల్లెలే. ఈసారి ఇంటాయన చేత పుస్తకంలో సంతకం కూడా పెట్టించుకుని వచ్చింది, మేము అడగలేదు.