అఫ్జల్‌గంజ్ నుండి చార్మినార్ దాకా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మేము అయిదుగురం హైదరాబాదు పోయివచ్చిన సంగతి మీకు తెలుసు. సంఘం డబ్బుతో పోలేదు, ఎవరి ఛార్జీ వాళ్లే పెట్టుకున్నాం. వచ్చే ఏడు పదో తరగతి పిల్లల్ని సంఘం తరఫున అట్లా తీసుకుపోదామని కార్యవర్గంలో అడిగితే, "ఆ డబ్బుతో ఇద్దరు పిల్లల ఫీజు కట్టొచ్చు గదా, షికారుకా?" అని ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి ఏం చూశామో చెప్తాం, మీరే తేల్చండి.

ధర్మవరంలో రైలెక్కి కాచిగూడలో దిగాం. గైడును పెట్టుకోలేదు. చేతిలో మేమే దారి గీసుకున్న కాగితం ఒకటి. అఫ్జల్‌గంజ్‌లో మొదలుపెట్టి, మూసీ దాటి, చార్మినార్ దాకా నడక. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. మనకైతే చేను దాకా పోయివచ్చేంత దూరం. మాకు మాత్రం పొద్దుగూకేదాకా పట్టింది.

మొదట చూసింది కోట కాదు, మేడ కాదు, చింతచెట్టు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ కొమ్మల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారట. ఆ వరదకు నగరంలో పోయినవాళ్లు పదిహేను వేల మంది వరకు ఉంటారని అంచనా. కుండపోత వానకు ఎగువన చెరువుల కట్టలు ఒకటి తర్వాత ఒకటి తెగి నీళ్లన్నీ ఊరిమీద పడ్డాయి. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పుట్టే ఊరివాళ్లం మనం. నీళ్లెక్కువై ఇంతమంది పోయారంటే మాలో పెద్దాయన ఆ మాను మీద చెయ్యిపెట్టి చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి.

నయాపూల్ మీదుగా ఏరు దాటితే పత్తర్‌గట్టి. రాతి కమానుల కింద వరసగా అంగళ్లు. ఆ పక్కనే బాద్షాహీ ఆషుర్‌ఖానా. మన పల్లెల్లో పీర్ల చావిడి ఎట్లాగో, అది రాజుగారి పీర్ల చావిడి అనుకోండి. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. గోడల నిండా రంగుల పింగాణీ పలకలు. నాలుగు వందల ఏళ్లు దాటినా నిన్న కాల్చి తెచ్చినట్టున్నాయి. కింది భాగంలో మాత్రం కొన్నిచోట్ల పలకలు లేవు, అదే నమూనా రంగుతో గీసి ఉంది. 1908 వరద లోపలికొచ్చి వాటిని పాడుచేసిందట. పొద్దున చింతచెట్టు దగ్గర విన్న నీళ్లే ఇక్కడ గోడమీద కనిపించాయి. కారులో పోతే ఈ రెండూ కలిసేవి కావు.

తర్వాత చార్ కమాన్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు, నడుమ గుల్జార్ హౌజ్. ఒకప్పటి పెద్ద నీటి హౌజు ఇప్పుడు రద్దీ మధ్య చిన్న ఫౌంటెన్‌గా మిగిలింది. మేము దక్షిణానికి బదులు తూర్పుకు తిరిగి కాలీ కమాన్ గుండా ఎటో పోయాం. చాయ్ పోసే ముసలాయన నవ్వి వెనక్కి పంపించాడు. దారి తప్పినందుకు చాయ్ మాత్రం మంచిది దొరికింది.

చార్మినార్ సంగతి మీకు కొత్త కాదు. 1591, హిజ్రీ లెక్కలో వెయ్యో ఏడు. పైకెక్కి చూస్తే నాలుగు వైపులా నాలుగు తిన్నని దారులు. దాన్ని నడుమ పెట్టి నగరాన్ని గీశారని అక్కడ నిలబడితేగాని తలకెక్కదు. మక్కా మసీదులో హౌజు దగ్గర వుజూ చేసుకుని నమాజు చదివాం. ఆ మసీదు 1617లో మొదలై 1694లో పూర్తయింది. ప్రహరీగోడ ఆలస్యమైందని మన కమిటీని తిట్టేవాళ్లు ఈ లెక్క గమనించాలి.

లాడ్ బజారులో లక్క గాజులు బేరం చేస్తుంటే అంగడి కుర్రాడి మాటలో మన యాస వినబడింది. అడిగితే కదిరి వైపు పిల్లవాడు. చేను ఎండిపోయి, తొమ్మిదితో చదువు మానేసి వచ్చాడు. రెండేళ్లయిందట. చార్మినార్ అక్కడికి నాలుగడుగులు. "ఎక్కినావా నాయనా?" అంటే, "యాడ ఎక్కేది చాచా, అందులో ఏముంది, రాళ్లే గదా" అన్నాడు.

మన పిల్లలు ఎట్లాగూ ఈ నగరాలకు పోతారు. వానలు మనచేతిలో లేవు. కూలికి పోయేముందు ఒక్కసారి చూడ్డానికి పోతే బాగుంటుందని మాకనిపించింది. ఫీజు కట్టాల్సిన పిల్లలున్నారు, అదీ నిజమే. ఈ రెంటికీ మధ్య మేమూ ఇంకా తేల్చుకోలేదు.

సాయంత్రం ఆ పిల్లవాడిని మాతోపాటు పైకి తీసుకుపోదామని వాళ్ల సేటును అడిగాం. గిరాకీ తగ్గాక పంపిస్తానన్నాడు, పంపించాడు కూడా. మేము పోయేసరికి టికెట్ల కిటికీ మూసేశారు. ఖర్చుల కాగితం కార్యదర్శిగారికి ఇచ్చాం, చూసుకోండి.