పవర్ విండోస్ పీకేసి తిప్పుడు హ్యాండిల్స్ పెట్టాం: నాన్న పాత కారు కథ

ఈరోజు వీడియోలో కొత్త కారు లేదు, రివ్యూ లేదు. మా నాన్న కారు ఉంది. 2013 మోడల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు పవర్ విండోస్, సెంట్రల్ లాకింగ్ ఉండేవి. ఉండేవి అంటున్నానంటే అర్థమైందిగా, ఇప్పుడు లేవు. నాలుగు డోర్లకీ చేత్తో తిప్పే హ్యాండిల్స్ పెట్టాం, లాక్‌లు కూడా డోర్ డోర్‌కీ విడిగా వేసుకోవడమే. అందరూ మాన్యువల్ నుంచి పవర్‌కి వెళ్తారు, నువ్వేంట్రా రివర్స్‌లో వెళ్లావు అని మా ఫ్రెండ్స్ నవ్వారు. ఎందుకు వెళ్లానో మొదట చెప్తాను.

మాది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు ఏమైందో మీరు న్యూస్‌లో చూసే ఉంటారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, అమ్మానాన్న మేడ మీద ఉన్నారు, కారు కింద నీళ్లలో ఉంది. సీట్ల పైదాకా నీళ్లు, అదీ రోజుల తరబడి. నాన్న ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే కట్టేవారు. అంటే వరద నష్టానికి ఒక్క రూపాయి రాదు. ఇంజిన్ ఆయిల్ మార్చి, కార్పెట్లు పీకి ఎండబెట్టి, ఎలాగో బండి స్టార్ట్ చేయించాం. బతికింది అనుకున్నాం.

వరద నీళ్లు వెంటనే చంపవండీ. మెల్లగా తింటాయి. విండో మోటార్ డోర్ లోపల అడుగున ఉంటుంది. అందులో బ్రష్‌లు, చిన్న బేరింగ్, వార్మ్ గేర్ ఉంటాయి. బురద నీళ్లు దూరాక తుప్పు పని మొదలుపెడుతుంది. ముందు వెనక ఎడమ అద్దం ఆగిపోయింది, తర్వాత కుడిది. ఆ తర్వాత సెంట్రల్ లాక్‌కి పిచ్చి పట్టింది. రాత్రి రెండింటికి బండి దానంతట అదే టక్ టక్ మని లాక్, అన్‌లాక్. పొద్దున చూస్తే బ్యాటరీ డౌన్.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది మే నెలలో జరిగింది. అమ్మానాన్న రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారు. ఏసీ ఎప్పుడో పోయింది. ఎండ మీకు తెలుసు కదా, బెజవాడ మే నెల. డ్రైవర్ వైపు అద్దం కొంచెం దిగి ఆగిపోయింది, మిగతావి అసలు దిగలేదు. నాన్న పక్కకి ఆపి దిగుదామంటే డోర్ తెరుచుకోలేదు. నాబ్ పైకి లాగుతుంటే మధ్యలో ఇరుక్కుంది. వెనక డోర్లకి చైల్డ్ లాక్ వేసి ఉంది, మా అక్క పిల్లల కోసం వేసింది. అమ్మకి బీపీ ఉంది. చివరికి అమ్మ తన వైపు నాబ్‌ని రెండు చేతులతో గుంజితే వచ్చింది. మొత్తం ఐదారు నిమిషాలు. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, నాకు ఈ కరెంటు అద్దాలు వద్దురా. పాత బండిలో లాగా తిప్పుకునే హ్యాండిల్ పెట్టించు, లేకపోతే అమ్మేయ్" అన్నారు. వరదలో మునిగిన పాత బండికి ఎంత ఇస్తారో మీరే ఊహించుకోండి.

ఒక వర్క్‌షాప్‌లో అడిగితే నాలుగు మోటార్లు, మాస్టర్ స్విచ్, లాక్ సెట్ కలిపి 26 వేలు చెప్పారు. సరే, నాన్న మాటే విందాం అని ఆటోనగర్ వెళ్లాను.

ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. కంపెనీ వాళ్లు ఒక మోడల్‌లో బేస్ వేరియంట్‌కీ టాప్ వేరియంట్‌కీ డోర్ రేకు సాధారణంగా వేరుగా చేయరు. ఖర్చు కదా. అదే రేకు, అవే బోల్టు రంధ్రాలు. టాప్‌లో మోటార్ ఉన్న రెగ్యులేటర్, బేస్‌లో హ్యాండిల్ ఉన్న రెగ్యులేటర్. అద్దాన్ని పైకీ కిందకీ నడిపే ఇనుప ఫ్రేమ్‌నే రెగ్యులేటర్ అంటారు, షాపుల్లో విండో మెషిన్ అని అడిగినా ఇస్తారు. కాబట్టి మన మోడల్‌దే బేస్ వేరియంట్ స్క్రాప్ బండి దొరికితే సగం పని అయినట్టే. నాలుగు మెషిన్లు, హ్యాండిల్స్, రంధ్రం ఉన్న డోర్ ప్యాడ్‌లు బేరమాడితే నాకు 5,800కి వచ్చాయి. డోర్ ప్యాడ్ మర్చిపోకండి. మీ పాత ప్యాడ్‌కి హ్యాండిల్ బయటికి రావడానికి రంధ్రం ఉండదు. మా నాన్న "డ్రిల్లు పెట్టి పొడుద్దాం" అన్నారు, నేనే ఆపాను.

పని ఎలా చేశామో చెప్తా. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశాం. డోర్ ప్యాడ్ స్క్రూలు, క్లిప్పులు తీశాక లోపల ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. చాలామంది మెకానిక్‌లు దాన్ని చించి పారేస్తారు. పారేయకండి. అద్దం సందుల్లోంచి డోర్ లోపలికి దిగిన వాన నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. తర్వాత అద్దాన్ని పూర్తిగా పైకి లేపి, ఫ్రేమ్‌కి వెడల్పాటి టేప్‌తో గట్టిగా కట్టాలి. లేకపోతే బోల్టు విప్పగానే అద్దం డోర్ లోపలికి పడి గుండ అవుతుంది. పాత మెషిన్ విప్పి, వంచి, రంధ్రంలోంచి బయటికి లాగి, కొత్తది పెట్టడమే. ఎక్కువ బోల్టులు 10 నంబర్ స్పానర్‌వి. మొదటి డోర్‌కి మూడు గంటలు పట్టింది, నాలుగోదానికి నలభై నిమిషాలు.

ఇక నా తప్పు. ముందు డ్రైవర్ డోర్ చేసేశాను. మాస్టర్ స్విచ్ పీకి పక్కన పెట్టా. తర్వాత అమ్మ వైపు అద్దం దించుదామంటే దిగట్లేదు. అప్పటిదాకా పనిచేస్తున్న ఏకైక అద్దం అది! అరగంట వెతికా. చాలా బండ్లలో మిగతా డోర్ల స్విచ్‌లకి ఎర్త్ మాస్టర్ స్విచ్ ద్వారానే వెళ్తుంది. అది పీకితే అన్నీ చచ్చిపోతాయి. నాలుగేళ్లు కోడ్ రాసినోడిని, అందరూ వాడే లైబ్రరీని డిలీట్ చేసి తర్వాత ఎర్రర్స్ చూస్తున్నాను అన్నమాట. కాబట్టి మాస్టర్ స్విచ్ చివర్లో తీయండి. వదిలేసిన కనెక్టర్లకి ఒక్కోదానికీ విడిగా ఇన్సులేషన్ వేసి కట్టేయండి, విండో ఫ్యూజ్ కూడా తీసేయండి. వేలాడే వైరు డోర్ రేకుకి తగిలితే మళ్లీ కొత్త కథ.

లాక్‌ల సంగతి ఇంకా సులువు. మా బండిలో లాక్ కడ్డీకి పక్కన ఒక చిన్న మోటార్, అంటే యాక్చువేటర్, బిగించి ఉంది. అది తుప్పు పట్టి మధ్యలో బిగుసుకుపోయింది, అందుకే నాబ్ చేత్తో కూడా రాలేదు. రామవరప్పాడులో జరిగింది ఇదే. రెండు స్క్రూలు విప్పి దాన్ని కడ్డీ నుంచి విడదీస్తే నాబ్ వెన్నలా కదిలింది. కొన్ని బండ్లలో ఈ మోటార్ డోర్ లాక్ లోపలే కలిసిపోయి ఉంటుంది. వాటికి కనెక్టర్ ఊడదీయగలం కానీ, లోపల బిగుసుకుంటే లాక్ మొత్తం మార్చాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. నాన్న హ్యాండిల్స్ అడిగింది వేరే భయంతో. "రేపు నీళ్లలో ఇరుక్కుంటే కరెంటు అద్దం దిగదు, ఇదైతే దిగుతుంది" అని. చాలామంది ఇదే నమ్ముతారు. లెక్క వేద్దాం. డోర్ వెడల్పు మీటరు, బయట నీళ్లు డోర్ అడుగు నుంచి అర మీటరు ఎత్తు, లోపల ఇంకా నీళ్లు రాలేదు అనుకోండి. డోర్ మీద పడే బలం దాదాపు 125 కిలోల బరువుతో సమానం. హింజ్ ఉంది కాబట్టి హ్యాండిల్ దగ్గర మీరు తోయాల్సింది అందులో సగం. కూర్చుని అంత తోయడం అమ్మ వల్ల కాదు, నా వల్లా కష్టమే. ఇక నీళ్లు అద్దం ఎత్తుకి వస్తే అద్దాన్ని గాడికి అదిమేస్తాయి. అప్పుడు చేత్తో తిప్పినా కదలదు. అంటే హ్యాండిల్ ఉందా, స్విచ్ ఉందా అన్నదానికంటే ఎప్పుడు దించాం అన్నదే ముఖ్యం. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డాన్ గీస్‌బ్రెక్ట్ నీళ్లలో పడ్డ కార్ల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. ఆయన చెప్పేదీ ఇదే: బెల్టు తీయి, అద్దం దించు, పిల్లల్ని ముందు పంపి బయటపడు. మొదటి నిమిషంలోనే. ఫోన్ తీసి ఎవరికో కాల్ చేస్తూ కూర్చుంటే ఆ నిమిషం పోతుంది.

అందుకే నాన్న కారులో డ్రైవర్ చేతికి అందేలా అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కూడా పెట్టాను. అద్దం మధ్యలో కాదు, మూలలో కొట్టాలి. దానికీ హద్దు ఉంది. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే సంస్థ 2019లో ఆరు రకాల టూల్స్ పరీక్షిస్తే, మామూలు టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి, లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేదు. మీ సైడ్ అద్దం మూలలో ఏ రకమో ప్రింట్ ఉంటుంది, ఇవాళే ఫోన్ టార్చ్ వేసి చూడండి.

మరి మీరు కూడా ఇలా మార్చుకోవాలా? మా బండికి ఎయిర్‌బ్యాగ్‌లు లేవు, వరదలో మునిగింది, రిపేరు ఖర్చు పెట్టేంత విలువ లేదు. అందుకే చేశాను. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అలాంటి చాలా బండ్లలో యాక్సిడెంట్ అయితే డోర్లు వాటంతటవే అన్‌లాక్ అవుతాయి. లాక్ కనెక్టర్ పీకితే అది పోతుంది. కొన్నింటిలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. కొత్త బండి డోర్‌లో పసుపు కనెక్టర్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఇంకోటి, అద్దం బరువుగా కదులుతుంటే వెంటనే మోటార్‌ని తిట్టకండి. పక్కనున్న రబ్బరు గాడి ఎండిపోయి ఉండొచ్చు. శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొడితే చాలాసార్లు సరిపోతుంది. గ్రీజు మాత్రం వద్దు, దుమ్ము పట్టి పేస్ట్ అవుతుంది.

పెట్టి నాలుగు నెలలైంది. ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఒక్కరే వెళ్తున్నప్పుడు పక్క అద్దం ఎత్తాలంటే బండి ఆపి వాలి తిప్పాలి. వెనక ఎడమ డోర్ లాక్ వేయడం నాన్న వారానికి రెండుసార్లు మర్చిపోతున్నారు, అమ్మ చుట్టూ తిరిగి చెక్ చేస్తోంది. అక్క కూతురికి మాత్రం ఆ హ్యాండిల్ పెద్ద వింత. మొన్న సెలవులకి వచ్చి, "తాతా, ఇది దేనికి తిప్పాలి?" అని అడిగింది. ఆయన బండి దిగి, డోర్ తెరిచి, పది నిమిషాలు డెమో ఇచ్చారు.

డోర్ ప్యాడ్ క్లిప్పులు విరగకుండా తీయడం నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తాను. నేను తొమ్మిది విరగ్గొట్టాను.