తల్లి దిగులుపై వ్యాపారం
(రాయ్‌పూర్‌లో తెలుగు కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, బోనస్, పనిగంటలు చర్చించవలసిన వేదికపై పిల్లల తిండి ప్రస్తావన ఎందుకని కొందరు భావించవచ్చును. పోరాడి సాధించిన వేతనం ఏ దారిన కరిగిపోతున్నదో విచారించుట కూడా కార్మిక సంఘపు కర్తవ్యమేనని మేము తలుస్తున్నాము. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గాన బతుకుతెరువుకై వచ్చిన మనవారి ఇండ్లలో నేడు సరుకుల చీటీని చూడండి. బియ్యం, కందిపప్పుల సరసన పాలలో కలిపే పొడి డబ్బా కూడా చేరింది.

ఆ డబ్బా మన ఇంటికి ఎట్లు వచ్చినది? పిల్లవాడు అన్నం ముద్ద తోసివేస్తాడు. తల్లి బెంగపడుతుంది. సరిగ్గా ఆ బెంగనే ప్రకటన పట్టుకుంటుంది. తినని పిల్లవాడు ఎదగడని, చదువులో వెనుకబడుతాడని భయపెట్టి, ఒక్క గ్లాసుతో ఆ లోటు తీరునని నమ్మిస్తుంది.

శాస్త్రం చెప్పునది వేరు. పుట్టినపుడు 3 కిలోలున్న శిశువు ఏడాదికి సుమారు 9 కిలోలవుతాడు. రెండవ ఏట పెరిగేది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. ఎదుగుదల నెమ్మదించినపుడు ఆకలియు తగ్గుట సహజం. కొత్త పదార్థాన్ని పిల్లలు మొదట నిరాకరించుటయు సహజమే; ఎనిమిది, పది సార్లు, కొందరికి పదిహేను సార్లు రుచి చూపిన పిదపనే అలవాటు పడుతారు. బరువు తగ్గిపోతున్న బిడ్డను వైద్యునికి చూపవలసినదే. ఆడుతూ పాడుతూ తిరిగే బిడ్డకు మాత్రం డబ్బా అవసరం లేదు. పైగా భోజనానికి ముందు తీపి పాలు త్రాగిన బిడ్డ పప్పన్నం ముట్టడు. అన్నం తినలేదని మరొక గ్లాసు పట్టిస్తాము. ఈ విషవలయంలో లాభపడేది ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇవి మా ఆరోపణలు మాత్రమే కావు. ఆహార భద్రతా చట్టంలో ‘ఆరోగ్య పానీయం’ అనే నిర్వచనమే లేదని బాలల హక్కుల జాతీయ కమిషన్ తేల్చిన మీదట, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ బోర్న్‌వీటా వంటి వాటిని ఆ వర్గం నుండి తొలగించవలసినదిగా ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు సూచించింది. అదే నెలలో హిందుస్థాన్ యూనిలీవర్ తన హార్లిక్స్ వర్గం పేరులోని ‘ఆరోగ్య’ పదాన్ని తొలగించుకొన్నది. అదే నెలలో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ మరొక నిజం బయటపెట్టింది. అప్పట్లో భారతదేశంలో అమ్మిన సెరిలాక్‌లో ఒక్కొక్క విడతకు సగటున 2.7 గ్రాముల అదనపు చక్కెర ఉండగా, జర్మనీ, బ్రిటన్‌లలో అది లేదు. ఐరోపా బిడ్డకొక న్యాయము, మన బిడ్డకొక న్యాయమా?

1992 నాటి శిశు ఆహార చట్టం రెండేండ్లలోపు పిల్లల ఆహారంపై ప్రకటనలను నిషేధించింది. పిల్లలు తిండికి మొండికేయుట ముమ్మరమయ్యేది రెండేండ్లు దాటిన తరువాతనే. చట్టపు కంచె ముగిసిన చోటనే వ్యాపారపు మేత మొదలగుచున్నది.

ఈ రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేండ్లలోపు పిల్లలలో 34.6 శాతం వయసుకు తగిన ఎత్తు లేనివారు. ఆ లోటు తీర్చగలిగేవి పప్పు, గ్రుడ్డు, వేరుశనగ, ఆకుకూరలే. చక్కెర పొడి ఆ లోటును తీర్చజాలదు. డబ్బాకు వెచ్చించే సొమ్ముతో ఎన్ని గ్రుడ్లు వచ్చునో మీ వీధి దుకాణంలోనే లెక్కగట్టి చూడండి.

అయితే తల్లులను నిందించుట మా ఉద్దేశం కాదు. షిఫ్టు డ్యూటీ ముగించుకొని వచ్చిన తల్లికి అరగంట కూర్చుండి బిడ్డకు తినిపించే ఓపిక, తీరిక ఎక్కడివి? ఆ తీరికను హరించినది యాజమాన్యం. దాని స్థానంలో డబ్బా నమ్ముతున్నది మరొక యాజమాన్యం. అట్లే రాజమహేంద్రవరంలో హార్లిక్స్ తయారుచేసే కార్మికులు మన సోదరులే. వారి ఉపాధికి మేము వ్యతిరేకులము కాము. చక్కెర తగ్గించి, నిజం చెప్పి అమ్మినంత మాత్రాన కార్మికుని పని పోదు.

కనుక మన కోర్కెలు స్పష్టం. 50 మంది పనిచేసే సంస్థలలో శిశు సంరక్షణాలయాన్ని 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ తప్పనిసరి చేసింది. 2020 సామాజిక భద్రతా స్మృతియు ఆ నిబంధనను నిలిపింది. దానిని కాగితం నుండి కర్మాగారానికి తేవలెను. అంగన్‌వాడీలలో వేడి అన్నం, గ్రుడ్డు ఇవ్వవలెను. వండి పెట్టే సోదరీమణులకు న్యాయమైన వేతనం చెల్లించవలెను. ప్రకటనల నిషేధాన్ని రెండేండ్లు దాటిన పిల్లల ఆహారానికి కూడా విస్తరింపజేయవలెను. డబ్బా ముందు భాగముననే చక్కెర పరిమాణాన్ని పెద్ద అక్షరాలలో, ప్రాంతీయ భాషలలో ముద్రించవలెను.

ఈ కోర్కెలపై ప్రతి బస్తీలో తల్లుల సమావేశాలు జరపవలసినదిగా శాఖా సంఘాలను కోరుచున్నాము. మన బిడ్డ ఆకలిని ఏ కంపెనీకీ తాకట్టు పెట్టము.