అప్పటికప్పుడు పుట్టే హాస్యం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఎ. బకాయిల మాట తప్ప మరో మాట వినపడదని మా శ్రీమతి ఫిర్యాదు. అందుకని ఈ రోజు కాస్త నవ్వు గురించి మాట్లాడతాను. అయితే అది మన పింఛను దగ్గరికే వచ్చి చేరుతుందని ముందే మనవి చేస్తున్నాను.

రాసిపెట్టుకున్న సంభాషణ లేకుండా, ఎదుటివాడి మాటను బట్టి అప్పటికప్పుడు హాస్యం పుట్టించే బృందాలు మన పల్లెల్లో తిరిగేవి. వాటిలో పగటివేషాల వారిది పెద్దపీట. కూచిపూడి భాగవతులకు కూడా ఈ విద్యలో మంచి పేరుంది. పగటివేషానికి వేదిక లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు. మన అరుగే రంగస్థలం. బృందం ఊళ్లో కొన్నాళ్లు మకాం వేసి, రోజుకొక వేషం కట్టి, చివరి రోజున ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకునేది.

కృష్ణా జిల్లాలో మా చిన్నతనంలో పఠాను వేషం వచ్చిందంటే పిల్లలమంతా వెంటపడేవాళ్లం. ఒకసారి ఆ వేషధారి మా పెదనాన్నగారి అరుగెక్కి, “మీ తాత తీసుకున్న బాకీ కట్టు” అని కర్ర తాటించాడు. “మా నాన్న ఎప్పుడో తీర్చేశాడయ్యా” అన్నారు పెదనాన్న. “అవును సాబ్, అసలు తీర్చాడు. వడ్డీ మీతోపాటే పుట్టింది. మీ ఇద్దర్నీ ఒకే ఉయ్యాల్లో పెంచాడు” అన్నాడు వాడు. వీధంతా ఘొల్లున నవ్వింది. పెదనాన్న అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఇది గాలివాటుగా వచ్చే మాట కాదు. వేషం, నడక, యాస, ఎత్తుగడ పద్యాలు ముందే నేర్చినవి. ఊళ్లో దిగగానే పెద్దల పేర్లు, వావివరుసలు ఆరా తీసుకునేవారు. మిగిలినది చెవిలో ఉంది. ఎదుటివాడి మాటను కాదనకుండా అందుకుని, దాన్ని తలకిందులు చేయాలి. నొప్పించకూడదు, చివరి రోజున ఆ గుమ్మంలోకే రావాలి గదా!

ఉద్యోగరీత్యా కరీంనగర్ వైపు ఉన్నప్పుడు పిట్టలదొరను చూశాను. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకి. ఈయన బృందంతో రాడు, ఒక్కడే వస్తాడు. శైలి కూడా వేరు. పగటివేషగాడు మన మాట కోసం కాచుకుంటే, పిట్టలదొర తానే కోతలు కోసుకుంటూ పోతాడు. మా కార్యాలయం ముందు నిలబడి, “నాకు గూడ సర్కారోళ్లు పెద్ద నౌకరీ ఇచ్చిండ్రు సారూ, జీతమే మర్శిండ్రు” అన్నాడు. ఆ నెల మా జీతాలు ఆలస్యమైన సంగతి ఆయన అప్పటికే కనుక్కున్నాడు!

బుర్రకథలో మరో పద్ధతి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబితే, రెండోవారు నాటి రాజకీయాల మీద వ్యాఖ్య చేస్తారు. కథ పాతదే, చురక మాత్రం ఆ ఊరిది, ఆ రోజుది. ఈ కళకు ఎనలేని కీర్తి తెచ్చిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పని కూడా ఇటువంటిదే.

ఇక అసలు సంగతి. అమెరికాలోని చికాగోలో 1959 డిసెంబరులో ‘సెకండ్ సిటీ’ అనే నాటకశాల మొదలైంది. ప్రేక్షకుడు ఒక మాట అందిస్తే దాని మీద నటులు అప్పటికప్పుడు హాస్యం అల్లుతారు. జనం టిక్కెట్టు కొని చూస్తారు. సరిగ్గా అదే 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, ఆటపాటల నెపంతో బహిరంగ స్థలంలో యాచించడాన్ని కూడా భిక్షాటన కిందే లెక్కగట్టింది. అక్కడ టిక్కెట్టు అనిపించుకున్నది ఇక్కడ ముష్టి అయింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను ఢిల్లీ వరకు కొట్టివేసింది. చట్టం సంగతి అటుంచి, మన మనసులోని లెక్క మారిందా? ముందు నవ్వి, తరువాత ఇచ్చే డబ్బు దానం ఎలా అవుతుంది? అది పనికి కూలి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు మనకు చెప్పింది కూడా ఇదే గదా! పింఛను దయాదానం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని. ఆ తీర్పు ఫలం అనుభవిస్తున్న మనకు ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

వృద్ధ కళాకారులకు ప్రభుత్వ పింఛను పథకాలున్నాయి. కానీ ఏ దరఖాస్తుకైనా ఆధారం కావాలి. మనకు సర్వీసు రిజిస్టరు ఉంది. అరుగు మీద పుట్టి అరుగు మీదే పోయిన మాటకు రిజిస్టరు ఎక్కడిది? ఇక్కడే మన అవసరం ఉంది. జీవితమంతా ఫైళ్లు రాసిన చేతులివి. మీ ఊళ్లో అటువంటి వృద్ధ కళాకారుడు ఉంటే, ఆయన ఏయే వేషాలు కట్టాడో, ఏయే ఊళ్లు తిరిగాడో అడిగి కాగితం మీద పెట్టండి. చూసిన పెద్దల సంతకాలు తీసుకోండి. దరఖాస్తు నింపి, వెంట వెళ్లండి. మనవళ్ల చేత సెల్‌ఫోనులో ఆయన ఆటను రికార్డు చేయించండి. ముందు అనుమతి అడిగి, తగిన పారితోషికం చేతిలో పెట్టి మరీ.

ఈ సాయం చేయగల ఓపిక, తీరిక, నేర్పు మన దగ్గర ఉన్నాయి. మన సంఘం శాఖలు ఈ పని చేపట్టాలని కోరుతున్నాను.