సమ్మతి ఎవరిది? పాఠం ఎవరిది?

(మానవ హక్కులు, సాంకేతిక చట్టాలు బోధించే అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాది సమాజశాస్త్రం. న్యాయశాస్త్రం చెప్పటాన్ని జీవితవృత్తిగా ఎంచుకున్న మీ ముందు మాట్లాడటానికి కొంచెం జంకుగానే ఉంది. అయితే ఫిర్యాదులు పట్టుకుని పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగే స్త్రీలతో కలిసి నేనూ తిరిగాను. మీ తరగతి గదిలో చెప్పిన పాఠం స్టేషన్ గుమ్మం దగ్గర ఏమవుతుందో చూశాను. అక్కడి నుంచే మాట్లాడతాను.

2022లో ఒక డిగ్రీ విద్యార్థినికి తోడుగా వెళ్లాను. పెళ్లి చేసుకుంటానన్నవాడు ఆమె ఇష్టంతోనే కొన్ని ఏకాంతపు ఫోటోలు తీశాడు. సంబంధం చెడ్డాక వాటిని స్నేహితులందరికీ పంపాడు. ఎస్సై అడిగిన మొదటి ప్రశ్న: "ఏమ్మా, తీసేటప్పుడు ఒప్పుకున్నావు కదా, ఇప్పుడు ఏడిస్తే ఎట్లా?" రెండో మాట: "ఐటీ చట్టం కేసు ఇన్‌స్పెక్టర్ గారే చూడాలి, రేపు రండి." మూడోది: "ఫోన్ ఇచ్చి వెళ్లు." ఆ ఫోన్లో ఆమె బతుకంతా ఉంది. ఆమె ఫోను ఇవ్వలేదు, ఫిర్యాదూ ఇవ్వలేదు. ఇంటికి వచ్చేశాం.

ఫోటో తీయటానికి ఇచ్చిన సమ్మతి, దాన్ని ఇతరులకు పంపటానికి ఇచ్చిన సమ్మతి కాదు. ఈ మాట నేను కల్పించింది కాదు. 2013లో శిక్షాస్మృతికి చేర్చిన 354సి సెక్షన్ వివరణలోనే ఉంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. ఐటీ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ చెయ్యాలన్నదీ నిజమే. కానీ దర్యాప్తు వేరు, ఫిర్యాదు నమోదు చెయ్యటం వేరు. మాతో వచ్చిన యువ న్యాయవాది సైబర్ చట్టం పేపరు మంచి మార్కులతో పాసైనవాడు. ఈ రెండింటిలో ఒక్కటీ అతను చెప్పలేకపోయాడు.

ఎందుకు చెప్పలేకపోయాడు? ఐటీ చట్టం 2000లో వచ్చింది ప్రధానంగా ఎలక్ట్రానిక్ వాణిజ్యం కోసం. మన పాఠాలు కూడా సంతకాలు, ఒప్పందాలు, కంపెనీల దగ్గర మొదలై అక్కడే చాలావరకు అయిపోతాయి. స్త్రీల మీద హింస ఆ చట్టంలోకి మొదట "అశ్లీలత" పేరుతో వచ్చింది. అంటే 67వ సెక్షన్ చూసింది బొమ్మ సమాజాన్ని చెడగొడుతుందా అని. ఆ స్త్రీ ఒప్పుకుందా అని కాదు. సమ్మతి, ఆంతరంగికత అనే మాటలు 2008 సవరణతో, 66ఇ రూపంలో వచ్చాయి. ఈ తేడాను పిల్లలకు చెప్పకపోతే వాళ్లు కూడా ఆ ఎస్సై ప్రశ్నే అడుగుతారు.

అట్లాగని శిక్షలు పెంచమని అడగటంతో పని అయిపోదు. అదే 2008 సవరణ 66ఎ సెక్షన్‌నూ తెచ్చింది. 2012లో పాల్ఘర్‌లో ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసినందుకు, మరో అమ్మాయి దాన్ని మెచ్చుకున్నందుకు ఇద్దర్నీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి పిటిషన్‌తో మొదలైన కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. రక్షణ పేరుతో ఇచ్చిన అధికారం స్త్రీల నోరు నొక్కటానికీ పనికొస్తుంది. అందుకే సాంకేతిక చట్టాన్ని మానవ హక్కుల నుంచి విడదీసి చెప్పకూడదంటున్నాను.

ఒకసారి మీ కళాశాల టైంటేబుల్ తీసి చూడండి. సైబర్ చట్టం పేపరు ఎవరికి ఇచ్చారు? మానవ హక్కుల పేపరు ఎవరికి ఇచ్చారు? వాళ్లలో ఎవరిది పర్మినెంటు ఉద్యోగం, ఎవరిది గంటల లెక్క? జవాబు మీకే తెలుసు.

న్యాయం చెప్పే టీచరు పని గంట కొట్టగానే అయిపోదని మనకు చూపించినవాళ్లున్నారు. మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో, గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనన్న ధోరణిలో సుప్రీంకోర్టు 1978లో నిందితులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవటం సమ్మతి కాదన్నారు. ఆ లేఖ చుట్టూ దేశమంతటా మహిళా సంఘాలు కదిలాయి. 1983లో చట్టం మారింది.

అప్పుడూ ప్రశ్న సమ్మతే. ఇప్పుడూ అదే. అప్పుడు ఒంటి మీద గాయాలు వెతికారు, ఇప్పుడు ఫోన్లో వెతుకుతున్నారు.

నేను కోరేది చిన్నది. సిలబస్ మారేదాకా ఆగకండి. మొదటి పాఠం ఒక ఫిర్యాదుతో మొదలుపెట్టండి. ఫిర్యాదు ఎట్లా రాయాలి, ఫోన్ ఇస్తే రసీదు ఎట్లా అడగాలి, ఎస్సై కాదంటే ఎవరికి పంపాలి అని పరీక్షలో అడగండి. ఏడాదికి ఒక్కసారైనా విద్యార్థుల్ని వెంటబెట్టుకుని బాధితురాలితో స్టేషన్‌కు వెళ్లండి.

ఆ అమ్మాయి మళ్లీ వస్తానంటే నేను తోడు వెళ్తాను. ఈసారి మాతో వచ్చే న్యాయవాది మీ విద్యార్థి అయితే, ఎస్సై మొదటి ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉండాలి.