బొక్కల సూది: ఇంట్లో జాగ్రత్తగా ఎట్ల వాడుకోవాలె
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడు నేను ఇక్కడ నిలబడి మా గ్రూపు పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్క చదువుతాను. ఈసారి లెక్క మా రెండో లీడర్ చదివింది. నేను మా ఇంట్లో జరిగిన తప్పుల లెక్క చెప్తాను. నేను పదో తరగతి వరకే చదివిన. డాక్టరును కాదు, నర్సును కాదు. రెండేండ్లు మా అత్తమ్మకు రోజూ సూది ఇచ్చిన కోడలిని. అంతే నా అనుభవం.

మా అత్తమ్మకు 67 ఏండ్లు. పాలమూరు దిక్కు నుంచి కూలికి వచ్చిన మనిషి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది గదా, ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో లేచిన బిల్డింగులకు ఇసుక, ఇటుకలు, కంకర నెత్తి మీద మోసింది. ఇప్పుడు అట్లాంటి ఒక బిల్డింగులోనే నేను హౌస్ కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న. ఒకరోజు ట్యాంకర్ దగ్గర నీళ్ల బిందె ఎత్తంగనే నడుములో కటుక్కుమన్నదట. నెల రోజులు ఝండూబామ్, కాపడం, గల్లీల ఆర్‌ఎంపీ సూదులతోనే గడిపినం. నొప్పి తగ్గుడు లేదు, మనిషి వంగుడు మొదలైంది. పెద్ద దవాఖానకు తీసుకపోతే ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి నలిగిపోయిందన్నారు. తర్వాత డెక్సా స్కాన్ తీసిండ్రు. అందులో టీ-స్కోర్ అని ఒక లెక్క వస్తుంది. మైనస్ 2.5 గాని అంతకన్నా కిందికి గాని ఉంటే బొక్కలు గుల్లబారినట్టు. దాన్నే ఆస్టియోపోరోసిస్ అంటరు. అత్తమ్మది మైనస్ 3.6 ఉన్నది.

ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్లకు బొక్కల బలం తొందరగా తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి పాలు, రాగులు సరిగ్గ తినకపోవడం, ఎండ తగలకపోవడం, నెలల తరబడి స్టెరాయిడ్ మందులు వాడడం, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. నొప్పి తగ్గాలని గల్లీల వేసే సూదుల్లో ఏమున్నదో అడగకుండ వేయించుకోవద్దని చెప్పేది అందుకే. స్టెరాయిడ్ అయితే నొప్పి అణిగినట్టే ఉంటది, లోపల బొక్క అరుగుతది.

డాక్టరు అత్తమ్మకు టెరిపారాటైడ్ అనే సూది రాసిండు. ఇది కొత్త బొక్కను కట్టే మందు. రోజుకు ఒకసారి 20 మైక్రోగ్రాములు, తొడకు గాని పొట్టకు గాని చర్మం కింద ఇయ్యాలె. ఇన్సులిన్ పెన్ను లాంటి పెన్నులో వస్తుంది. ఖర్చు నెలకు వేలల్లోనే. గ్రూపులో అప్పు తీసుకున్న. మీరందరు సంతకాలు పెట్టి ఇచ్చిన అప్పు అది. అందుకే ఆ పైసలతోని నేను చేసిన తప్పులు మీకు చెప్పుడు నా బాధ్యత.

మొదటి తప్పు. మొదటి రోజు సూది ఇచ్చి, "లే అత్తమ్మా, అన్నం తిందువు" అన్న. లేచి రెండడుగులు ఏసిందో లేదో కండ్లు తిరిగినయి. గోడ దొరికింది గనుక బతికినం. పడి తుంటి విరిగితే ఏమయ్యేది? ఈ సూది ఇచ్చిన తర్వాత, ముఖ్యంగ మొదటి కొన్ని రోజులు, కొందరికి బీపీ పడిపోయి తల తిరుగుతుంది. కాబట్టి మనిషిని కూర్చోబెట్టో పండుకోబెట్టో ఇయ్యాలె. లేచేటప్పుడు నెమ్మదిగ లేవాలె. మేము తర్వాత రాత్రి పండుకునే ముందు ఇచ్చుడు అలవాటు చేసుకున్నం. బీపీ గోళీలు వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలె.

రెండో తప్పు. ఎండకాలం కరెంటు పోతున్నదని, చల్లగ ఉండాలని పెన్నును ఫ్రీజర్‌లో పెట్టిన. మందు గడ్డ కట్టింది. మందుల షాపు తమ్ముడు చెప్పిండు: గడ్డ కట్టిన పెన్ను కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందేనని. నెల రోజుల మందు, వేల రూపాయలు, చెత్తల పోయినయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. ఫ్రీజర్‌లో గాని, ఐస్ పెట్టెకు ఆనుకొని గాని వద్దు. బయటికి తీసి, సూది ఇచ్చి, వెంటనే లోపల పెట్టాలె. షాపు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ సంచి అడగాలె, పెన్ను ఐస్‌కు నేరుగా తగలకుండ గుడ్డ చుట్టాలె. మందు నీళ్ల లెక్క తేటగ ఉండాలె. రంగు మారినా, మబ్బుగ ఉన్నా, లోపల నలుసులు కనిపించినా వాడొద్దు.

మూడో తప్పు. పెన్ను తెరిచి 28 రోజులు అయింది. లోపల ఇంకా కొంచెం మందు మిగిలింది. మధ్యల రెండు మూడు రోజులు మరిచిపోయినం గదా, అందుకే మిగిలింది. "ఇంత ఖరీదు మందు ఎట్ల పారేస్తం" అని ఇంకో రెండు మూడు రోజులు ఇచ్చిన. అది తప్పు. ఈ పెన్నులు మొదలుపెట్టిన 28 రోజులకు పక్కన పెట్టెయ్యాలె, మిగిలినా సరే. అందుకే పెన్ను తెరిచిన తారీఖు దాని డబ్బా మీద పెన్నుతో రాయాలె, క్యాలెండర్ల గుర్తు పెట్టాలె. ఒకరోజు మరిచిపోతే అదే రోజు గుర్తుకు వచ్చినప్పుడు ఇయ్యొచ్చు. రేపు రెండు కలిపి ఇస్తమంటే కుదరదు. రోజుకు ఒక్కటే.

నాలుగో తప్పు కాబోయి ఆగింది. మా మామయ్యకు షుగర్ ఉన్నది. ఆయన ఇన్సులిన్ పెన్ను, అత్తమ్మ పెన్ను ఫ్రిజ్ తలుపులో పక్కపక్కనే ఉండేవి. ఒక రాత్రి నాకు షిఫ్ట్ ఉండి మా ఆయన సూది ఇయ్యబోయిండు. మూత తీసినంక పేరు చదివితే అది ఇన్సులిన్. షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ పోతే ప్రాణం మీదికి వస్తది. తెల్లారే అత్తమ్మ పెన్నుకు ఎర్ర దారం కట్టిన, రెండింటికి రెండు డబ్బాలు వేరువేరు అరల్లో పెట్టిన. దారం కట్టినా సరే, పేరు చదవందే సూది పట్టొద్దని ఇంట్లో నియమం పెట్టుకున్నం.

ఐదో సంగతి, పక్కింటి పెద్దమ్మ. "నాకూ నడుము నొప్పే బిడ్డా, ఒక్క సూది నాకూ ఇయ్యి, పుణ్యముంటది" అని బతిమాలింది. చెయ్యి పట్టుకొని అడిగింది, కాదంటే మనసుకు కష్టమే. కాని ఇది నొప్పి తగ్గించే సూది కాదు. సూది మార్చినా సరే, పెన్ను ఇద్దరు వాడొద్దు, ఒకరి రక్తంలోని రోగం ఇంకొకరికి పోవచ్చు. పైగా ఈ మందు అందరికీ పడదు. బొక్కలకు క్యాన్సర్ వచ్చినవాళ్లు, రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లు, రక్తంలో కాల్షియం ఎక్కువ ఉన్నవాళ్లు, మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు, అందరూ ముందే డాక్టరుకు చెప్పాలె. నల్గొండ దిక్కు నుంచి వచ్చిన అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నరు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే బొక్కల జబ్బు వేరు, ఇది వేరు. ఏ ఊరి నీళ్లు ఎన్నేండ్లు తాగినమో కూడ డాక్టరుకు చెప్పుడు మంచిది.

ఇగ సూది ఇచ్చే తీరు. చేతులు సబ్బుతో కడుక్కోవాలె. ప్రతిసారి కొత్త సూది బిగించాలె. నేను మొదట్లో ఒక్క సూది మూడు రోజులు వాడిన, పైసలు మిగులుతయని. సూది మొన మొద్దుబారి అత్తమ్మ తొడ కమిలింది. నిన్న కుడి తొడ అయితే ఇయ్యాల ఎడమ తొడ, రేపు పొట్ట, ఇట్ల మార్చుకుంట పోవాలె. బటన్ నొక్కినంక వెంటనే తియ్యొద్దు. పెన్నుతో వచ్చిన కాగితంలో ఎంత లెక్కపెట్టమంటే అంత లెక్కపెట్టి తియ్యాలె. ఒక్కో కంపెనీ పెన్ను ఒక్కో తీరు ఉంటుంది. మొదటిసారి నర్సు ముందట మన చేతితోనే ఇచ్చి చూపించి, "ఇది సరిగ్గ ఉన్నదా మేడం" అని అడగాలె. సిగ్గు పడొద్దు. ఇచ్చినంక సూదిని పెన్నుకు వదిలెయ్యొద్దు. మందు కారిపోతది, గాలి లోపలికి పోతది.

కాళ్లు గుంజుడు, తలనొప్పి, కొంచెం వికారం ఉండొచ్చు. వాంతులు ఆగకున్నా, మలబద్ధకం, నీరసం పెరుగుతున్నా కాల్షియం ఎక్కువైందేమో, వెంటనే చూపించాలె.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద తప్పు. తీసిన సూదిని నేను ఎక్కడ వేసేదాన్ని? పొడి చెత్త కవర్లో. మన గ్రూపులోనే ఒక అక్క తన భర్తతో కలిసి స్వచ్ఛ ఆటో మీద మా గల్లీ చెత్త ఎత్తుతుంది. ఒక పొద్దున ఆమె మా ఇంటి ముందు నిలబడి వేలు చూపించింది. రక్తం బొట్టు. ఆమె చేతిలో ఉన్నది చిన్న పెన్ను సూది. నేను చూడంగనే గుర్తుపట్టిన. ఆమె "ఎవరిదో తెల్వదు అక్కా" అన్నది. నేను "నాదే" అన్న. ఆ మాట నోట్లోంచి వచ్చుడు ఎంత కష్టమైందో నాకే ఎరుక. ఆమె అనుమతి తీసుకునే ఇయ్యాల ఈ మాట చెప్తున్న.

సబ్బు, నీళ్లతో బాగ కడిగి, అదే గంటలో సర్కారు దవాఖానకు తీసుకపోయిన. సూది గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. ఆలస్యం చెయ్యొద్దు. హెచ్‌ఐవీ రాకుండ ఇచ్చే మందు ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఆమెకు పరీక్షలు చేసిండ్రు, అత్తమ్మ రక్తం కూడ పరీక్ష చేయించినం. తర్వాత మళ్లీ పిలిచి చూసిండ్రు. దేవుని దయ, ఏమీ కాలేదు. కాని మొదటి ఫలితం వచ్చే దాక ఆమె ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలుసు. మనం పొదుపు చేసేది ఒకరికొకరం ఆసరా కావాలని. నేను ఆమెకు ఆసరా కాకపోగా, భయం ఇచ్చిన.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వాడిన సూదులు, సిరంజీలు ఇంటి ప్రమాదకర చెత్త కింద వస్తాయని, తడి చెత్తలో, పొడి చెత్తలో కలపొద్దని రాసిండ్రు. గట్టి ప్లాస్టిక్ డబ్బా, ఫినాయిల్ డబ్బా లాంటిది తీసుకోండి. సూదులు అందులో వేసి మూత బిగించండి. మీద "సూదులు" అని పెద్దగ రాయండి. ముప్పావు నిండినంక మూతకు టేపు చుట్టి, సూదులు తీసుకునే దవాఖానలో అడిగి ఇయ్యండి. లేదంటే స్వచ్ఛ ఆటో అక్క చేతికి వేరుగ, చెప్పి ఇయ్యండి. పిల్లలకు అందకుండ పైన పెట్టండి.

ఇంకో రెండు సూదుల గురించి ఒక మాట. ఆరు నెలలకు ఒకసారి ఇచ్చేది డెనోసుమాబ్. అది మొదలుపెట్టినంక తారీఖు దాటనియ్యొద్దు. డాక్టరుకు చెప్పకుండ మానేస్తే వెన్నుపూసలు మళ్లీ మళ్లీ విరిగే ప్రమాదం ఉన్నది. ఏడాదికి ఒకసారి సెలైన్ లెక్క ఎక్కించేది జోలెడ్రోనిక్ యాసిడ్. దానికి ముందు మూత్రపిండాల పరీక్ష చెయ్యాలె. ఎక్కించినంక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. ఈ రెండింటికీ ముందే పండ్ల డాక్టరుకు చూపించుకొని, పన్ను తీయించుకునేది ఉంటే తీయించుకోవాలె. కాల్షియం, విటమిన్ డి తక్కువ ఉంటే ముందు సరిచేసుకోవాలె.

టెరిపారాటైడ్ సాధారణంగా రెండేండ్లు మించి ఇయ్యరు. అయిపోయిందని చేతులు దులుపుకుంటే కట్టిన బొక్క మళ్లీ కరుగుతుంది. దాని తర్వాత ఏ మందు అని డాక్టరును అడగాలె. మా అత్తమ్మ ఇప్పుడు ఆ తర్వాతి మందులో ఉన్నది. వంగిన నడుము నిటారు కాలేదు, అది కాదు కూడ. కాని రెండేండ్లలో ఇంకో బొక్క విరగలేదు. బతుకమ్మ నాడు గుమ్మం దగ్గర కూర్చొని పువ్వులు తనే పేర్చింది.

సూది ఒక్కటే సరిపోదు. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలె. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. రాగి జావ, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు మన ఇంట్లో ఉన్నవే. మనలో చాలామందిమి పొద్దంతా ఏసీ బిల్డింగుల్లో, సెల్లార్లలో ఉంటం. భోజనం గంటలో కాసేపు ఎండలో నడవండి.

చివరగ సమాఖ్య ముందు మూడు తీర్మానాలు పెడుతున్న. ఒకటి, ఆరోగ్య అప్పు ఇచ్చేటప్పుడు మందు పేరు, ఎన్నాళ్లు, తర్వాత ఏమిటి అని కూడ రాసుకుందాం. సగంలో ఆగే వైద్యానికి అప్పు వద్దు, ఆగకుండ చూసే అప్పు కావాలె. రెండు, ఇంట్లో సూది వాడే ప్రతి సభ్యురాలి ఇంటికి గ్రూపు తరఫున ఒక గట్టి డబ్బా ఇద్దాం. మూడు, చెత్త ఎత్తే మన అక్కలకు మందపాటి చేతి తొడుగులు సమాఖ్య పొదుపు నుంచి కొందాం. మొదటి జతకు పైసలు నేను ఇస్తున్న, అది నా బాకీ.