కోరని సరకునకు మూల్యమేల?

భద్రాచలపు సంతలో ఉప్పు కొనవచ్చిన కోయసోదరునితో, పొగాకును గూడ కొన్నగాని ఉప్పు నీయనని వర్తకు డనినచో మన మూరకుందుమా? ఖమ్మములో కంప్యూటరు కొనబోవు విద్యార్థికి తఱచుగ నిట్టి యవస్థయే కలుగుచున్నది. యంత్రమున విండోసు సాఫ్టువేరు ముందుగనే చేర్చబడి యుండును; దాని వెల బిల్లులో వేఱుగ కానరాదు. ఉచితముగ లభించు లైనక్సును వాడదలచినవాడును ఆ వెల మోయవలసినదే.

ఇది యల్పవిషయమని కొందఱనవచ్చును. వెల తెలియనిచో బేరమెట్లు? షరతులకు సమ్మతింపనివారు తయారీదారుని నిబంధనలనుబట్టి సొమ్ము కోరవచ్చునని విండోసు ఒడంబడికయే చెప్పుచున్నది. యంత్రమును గూడ తిరిగి యిమ్మనుటయే ఆ నిబంధనయైనచో హక్కు కాగితముపైననే నిలుచును.

సాఫ్టువేరు వెలను మాత్రమే తిరిగి యీయవలెనని ఇటలీ అత్యున్నత న్యాయస్థానము 2014లో తీర్పు చెప్పెను. ఇట్లు చేర్చి యమ్ముట దానంతట దోషము కాదని 2016లో ఐరోపా న్యాయస్థానము పలికెను. కావున జయము నిశ్చయమని మేము చెప్పము. అయినను, ఒక వస్తువునకై మఱియొకటి కొనవలెననుటను మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము నిర్బంధ వ్యాపారముగ నెంచినది.

సోదరులారా! కొనుటకు ముందే వేఱు వెల నడుగుడు. కొన్నచో షరతుల నంగీకరింపకయే లిఖితపూర్వకముగ సొమ్ము కోరుడు. బిల్లును, ప్రత్యుత్తరమును భద్రపఱచుడు. కంపెనీ యెచ్చటనున్నను, రెండేండ్లలోపల మీరు నివసించు జిల్లా కమీషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల రూపాయలవఱకు రుసుము లేదు. ఒక్కని సొమ్ము స్వల్పమే. నూర్గురడిగిననాడు బిల్లే మాఱును.